సీసా మీది స్టిక్కరు

ఉగాది సభలో పిల్లలు చొక్కాలకు అంటించుకు తిరిగిన మామిడాకుల స్టిక్కర్లు ఎక్కడ కొన్నారని ఈ నెలంతా అడుగుతూనే ఉన్నారు. కొన్నవి కావండీ, చేసినవి. ఎలా చేశామో రాయమని సంపాదకులు కోరారు. రక్తపోటూ, చక్కెర వ్యాధీ, టీకాలూ తప్ప మరోటి రాయని వాళ్ళం, ఈ పని మనదేనా అని ముందు సందేహించాం. తీరా ఆలోచిస్తే, ఈ స్టిక్కర్ల విద్య చివరికి మా ఇంటి మందుల అలమరలోకే వచ్చింది. అక్కడ మా చేత ఒక పెద్ద పొరపాటు కూడా చేయించింది. కనుక ఈ నెల ఆ విద్యా, ఆ పొరపాటూ రెండూ రాస్తున్నాం.

ముందు విద్య.

స్టిక్కరు అనగానే మన ఆడవాళ్ళకి గుర్తొచ్చేది బొట్టు. ఒక అట్ట మీద పన్నెండో పదహారో బొట్లు ఉంటాయి. ఒకటి గోటితో లేపితే అదొక్కటే వస్తుంది, అట్ట అలాగే ఉంటుంది. మొత్తం కిటుకంతా అక్కడే ఉంది. కత్తి పైపొరను పూర్తిగా కోయాలి, కింది అట్టను కోయకూడదు. ఇలా విడిగా లేపుకునే జిగురు స్టిక్కర్లను 1935లో లాస్ ఏంజెలెస్‌లో స్టాంటన్ ఏవరీ అనే ఆయన యంత్రం మీద చేయడం మొదలుపెట్టాడు. పెట్టుబడి 100 డాలర్లు, అదీ తాను పెళ్ళాడబోయే అమ్మాయి దగ్గర అప్పు. అంతకు ముందు చీటీ అంటే వెనక తడి చేసి అంటించుకోవలసిందే, మన పోస్టాఫీసు బిళ్ళల్లాగా.

ఇప్పుడు ఆ పని ఇంట్లోనూ చేసుకోవచ్చు. రెండు దారులున్నాయి. ఇంట్లో ఉన్న మామూలు ప్రింటరు మీద అచ్చు వేసుకుని, ఆ కాగితాన్ని క్రికట్, సిల్హౌట్ వంటి కోత యంత్రంలో పెట్టడం ఒకటి. అచ్చూ కోతా ఒకే యంత్రం చేసేది రెండోది. మన సభ్యుల్లో ఒకరు దుకాణాలకు బోర్డులు చేసే వ్యాపారంలో ఉన్నారు. ఊళ్ళో అందరూ ఆయన్ని బావగారనే పిలుస్తారు కనుక మేమూ అలాగే రాస్తాం. ఆయన గరాజులో ఉన్నది ఈ రెండో రకం. జపానులో హమమత్సు ఊరి రోలాండ్ డీజీ కంపెనీ 2011లో తెచ్చిన బీఎన్-20 అనే బల్ల మీది యంత్రం. 20 అంగుళాల వెడల్పు వినైల్ చుట్టను దీనికి తగిలిస్తారు. అచ్చు తల అటూ ఇటూ పరుగెడుతూ రంగు వేస్తుంది, కింది వేడి రంగును ఆరబెడుతుంది, తరువాత చుట్ట వెనక్కి జరిగి చిన్న కత్తి దిగి బొమ్మ చుట్టూ కోసుకుంటూ పోతుంది. మధ్యలో కాగితాన్ని బయటికి తీసే పని లేదు కనుక అచ్చుకీ కోతకీ తేడా రాదు. మొదటిసారి చూసినప్పుడు మా పిల్లలే కాదు, మేమూ నోరు తెరుచుకునే నిలబడ్డాం.

యంత్రం ఎంత తెలివైనదైనా బొమ్మ సిద్ధం చేసే భారం మనదే. అందులో మూడు విషయాలు గుర్తుంచుకుంటే చాలు.

మొదటిది, అంచు వదలడం. దర్జీ కుట్టుకి గుడ్డ వదిలినట్టు, బొమ్మ వెనక రంగును కోత గీతకు అవతలికి 2 మిల్లీమీటర్లయినా సాగదీయాలి. కత్తి వెంట్రుకవాసి పక్కకి జరిగినా తెల్ల అంచు కనబడదు. అక్షరాలను మాత్రం గీతకు 2 మిల్లీమీటర్లు ఇవతలే ఉంచాలి.

రెండవది, కోత గీత. ఎక్కడ కోయాలో యంత్రానికి చెప్పడానికి బొమ్మ చుట్టూ సన్నని గీత గీసి, ఆ గీత రంగుకి కట్‌కాంటూర్ అని పేరు పెట్టాలి. గీత కంటికి ఏ రంగులో కనబడినా ఫరవాలేదు, పేరే ముఖ్యం. ఇంగ్లీషులో రెండు మాటలనూ కలిపి, పెద్ద సీ రెండు చోట్లా వచ్చేలా రాయాలి. మేము మధ్యలో ఖాళీ వదిలి రాశాం. యంత్రం ఆ గీతను మామూలు రంగనుకుని మామిడాకుల చుట్టూ గులాబీ రంగు గీత అచ్చు వేసి ఊరుకుంది. కోత లేదు. ఒక గజం వినైల్ దండుగ. గీత మూలలు కూడా సూదిగా ఉండకూడదు. గుండ్రంగా తిప్పితే కత్తి హాయిగా తిరుగుతుంది, అంటించాక అంచులు లేవవు.

మూడవది మన భాషకే ఉన్న చిక్కు. బొమ్మలు వేసే ప్రోగ్రాములు కొన్ని తెలుగు వత్తులను కలపలేవు. మనం చక్కగా కొట్టిన అక్షరాలను దానిలోకి తెచ్చేసరికి వత్తు విడిపోయి, పై అక్షరానికి పొల్లు తగులుకుని, రాత్రి కాస్తా రాత్ రి అయి కూర్చుంటుంది. అడోబీ ఇలస్ట్రేటర్‌లో దక్షిణాసియా భాషల కూర్పు అనే అమరిక ఉంది. అది ఎంచుకుంటే సరిగ్గా వస్తాయి. డబ్బు పెట్టకుండా దొరికే ఇంక్‌స్కేప్ ఈ గొడవ లేకుండానే కలుపుతుంది. సరిగ్గా కనబడ్డాక అక్షరాలను గీతలుగా మార్చేయాలి. అప్పుడు బావగారి కంప్యూటరులో మన అక్షరాల కొలువు లేకపోయినా ఏమీ చెదరదు. మార్చే ముందు ఒకసారి తప్పులు చూసుకోవాలి సుమండీ, గీతలయ్యాక దిద్దడానికి ఉండదు.

అక్షరాలనే కత్తిరించి కారు అద్దానికో తలుపుకో అంటించాలంటే మరో మెలిక ఉంది. తెలుగు అక్షరంలో తలకట్టూ, గుడీ, వత్తూ ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. వాటిని ఒకే ముక్కగా కలపకుండా కోతకు పంపితే కత్తి ఆ ఎక్కిన చోట కూడా కోస్తుంది, అక్షరం ముక్కలవుతుంది. ఇంగ్లీషు పేర్లు కోయడానికి అలవాటు పడిన బావగారికి కూడా ఇది కొత్తే. మా ఉగాది బోర్డులో దీర్ఘం ఊడి బావగారి చెప్పుకి అంటుకుని ఇల్లంతా తిరిగింది.

ఇక యంత్రం దగ్గర. అసలు పని పంపే ముందు పరీక్ష కోత వేయాలి. యంత్రం ఒక చిన్న చతురస్రం, దానిలో ఒక వృత్తం కోస్తుంది. ముందు వృత్తాన్ని లేపాలి. చతురస్రం కదలకుండా వృత్తం ఒక్కటే వస్తే పైపొర తెగినట్టు. తరువాత చతురస్రాన్ని లేపి కింది కాగితం చూడాలి. గోటితో గీసినంత సన్నని ఆనవాలు ఉంటే కత్తి బలం సరిపోయింది. ఆనవాలే లేకపోతే బలం చాలదు, కాగితం తెగితే ఎక్కువైంది. కోత అయ్యాక అనవసరమైన వినైల్‌ని లాగి పారేయడాన్ని ఈ వ్యాపారంలో కలుపు తీయడమనే అంటారు. మా అమ్మకి ఈ మాట చెప్పగానే తానే ముందుకొచ్చి కూర్చుంది. వరి చేలో కలుపు తీయించిన చెయ్యి, ఒక్క ఆకు కూడా ఊడకుండా 200 స్టిక్కర్లు శుభ్రం చేసింది.

నీళ్ళ సీసాలకీ, కార్లకీ అంటించేవాటి మీద పలచటి పారదర్శకపు పొర వేస్తే ఎండకీ గీతలకీ తట్టుకుంటాయి. అచ్చు వేసిన వెంటనే మాత్రం వేయకూడదు. ఈ రంగుల్లో ఉండే ద్రావకం వినైల్ లోపలికి దిగుతుంది. అది గాలికి పోవడానికి ఒక పగలూ ఒక రాత్రీ అయినా వదలాలి. తొందరపడి మూసేస్తే లోపలి ద్రావకం జిగురును మెత్తబరుస్తుంది, అంచులు చుట్టుకుపోతాయి. గరాజు తలుపు తెరిచి పెట్టుకోమని వైద్యులుగా మా సలహా.

ఇదీ విద్య. ఇంతటితో ఆపితే ఈ వ్యాసం బావగారు రాయవలసింది. ఇక మా సంగతి.

మా అమ్మ ఇంటి దగ్గర ఉన్నన్నాళ్ళూ మందులు తప్పు వేసుకున్న మనిషి కాదు. అక్కడ మాత్రలు అట్టల్లో వస్తాయి. బీపీ మాత్ర వెండి అట్ట, థైరాయిడుది తెల్ల సీసా, కొలెస్ట్రాలుది ఎర్ర గీత ఉన్న అట్ట. పేరు ఇంగ్లీషులో ఉన్నా అట్టను చూసి గుర్తు పట్టేది. ఇక్కడికి వచ్చాక అన్నీ ఒకే రకం నారింజ రంగు సీసాలు, తెల్ల మూతలు. మీద చిన్న ఇంగ్లీషు అక్షరాలు. పోనీ మాత్ర రంగు గుర్తు పెట్టుకుందామా అంటే, మందుల దుకాణం వాళ్ళు తయారీ కంపెనీ మార్చినప్పుడల్లా అదే మందు తెల్లదనం పోయి పసుప్పచ్చగా, గుండ్రదనం పోయి కోడిగుడ్డులా వస్తుంది. తెలుగు పేపరు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివే మనిషి, తన మందు తాను చదువుకోలేక రోజూ మా శ్రీమతి ఆఫీసు నుంచి వచ్చేదాకా కూర్చునేది. "పిల్లదాన్నయిపోయాన్రా ఈ ఊళ్ళో" అంది ఒకసారి. నవ్వుతూనే అంది.

మందు సీసా మీద సొంత భాష ఉండాలన్నది మనకొక్కరికే వచ్చిన ఆలోచన కాదు. రోజుకి ఒకసారి అని చెప్పే ఇంగ్లీషు మాట వన్స్‌ను అవే అక్షరాలతో స్పానిషులో చదివితే పదకొండు అని అర్థం. కాలిఫోర్నియాలో 2015లో చేసిన చట్టం ప్రకారం, రోగి అడిగితే మందుల దుకాణం వాళ్ళు వాడే విధానాన్ని అనువదించి ఇవ్వాలి. ఆ చట్టం వచ్చేనాటికి అక్కడి ఫార్మసీ బోర్డు దగ్గర సిద్ధంగా ఉన్న అనువాదాలు చైనీసు, కొరియను, రష్యను, స్పానిషు, వియత్నామీసు భాషల్లోవి. తెలుగు లేదు. సరే, మన పని మనమే చేసుకుందామని బావగారి గరాజుకి వెళ్ళాం.

మొదటి స్టిక్కరు మా దృష్టిలో అపురూపంగా కుదిరింది. లేత ఆకుపచ్చ మీద ముదురు నీలం అక్షరాలు, ఒక మూల మామిడాకులు, పగటి మందుకి సూర్యుడు, రాత్రి మందుకి నెలవంక. అమ్మ చేతికిస్తే కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చాలాసేపు చూసింది. "బొమ్మ బాగుంది. రాతేది?" అంది.

ఈ మాట వినవలసిన అవసరం మాకు ఉండకూడదు. వయసు మీద పడ్డకొద్దీ కంటిలోని కటకం పసుప్పచ్చబడుతుంది, నీలం, ఆకుపచ్చ రంగుల మధ్య తేడా మసకబారుతుంది. శుక్లాలుంటే మరీను. ఇది వైద్య కళాశాలలో చదివాం, పరీక్షలో రాశాం కూడా. సొంత అమ్మ దగ్గరికి వచ్చేసరికి మన కళ్ళకి ముచ్చటగా ఉన్నదే చేశాం. తెలుపు మీద నలుపుకి మించింది లేదు. అక్షరం పరిమాణం కూడా పెంచాలి. పెద్దక్షరాల ముద్రణ అంటే ఇక్కడ 18 పాయింట్లు అని లెక్క. తెలుగులో వత్తు అసలు అక్షరం కంటే చిన్నది కనుక మేము 20కి పెంచాం. నాజూకు అక్షరాలు పనికిరావు. మండలి వంటి సాదా గుండ్రటి అక్షరాలు బాగున్నాయి.

నెలవంక గొడవ ఇంకా పెద్దది. రెండో రోజు రాత్రి అమ్మ కత్తిపీట దగ్గర కూర్చుని కొలెస్ట్రాలు మాత్రను సగానికి కోస్తోంది. ఎందుకమ్మా అంటే, "సగం బిళ్ళ బొమ్మ వేశావు కదరా" అంది. మేము వేసిన చందమామ ఆమెకు సగం మాత్ర! సూర్యుడిని పూర్తి మాత్ర అనుకుందట. తప్పేముంది? మందు సీసా మీద మాత్ర బొమ్మ ఉంటుందనుకోవడమే న్యాయం. బొమ్మలన్నీ తీసేశాం. పొద్దున, రాత్రి అని మాటల్లో రాశాం. ఆమె ఎప్పుడూ వాడే మాటలే, పాఠ్యపుస్తకం మాటలు కావు. థైరాయిడు మాత్రకి పరగడుపున అని రాస్తే ఎవరూ వివరించనక్కరలేకపోయింది.

మూడో స్టిక్కరు పెద్ద ముద్దొచ్చింది. రెండున్నర అంగుళాల వెడల్పు, నల్లటి అక్షరాలు, గుండ్రటి మూలలు, పై పొర వేసి నీళ్ళలో ముంచినా చెదరనిది. జిగురు ఎంత గట్టిదంటే గోరు దిగదు. బీపీ సీసా మీద మూడే వరసలు: బీపీ మాత్ర, పొద్దున, 2 మాత్రలు. అమ్మ తన మందులు తాను వేసుకోవడం మొదలుపెట్టింది. మా శ్రీమతి ఆఫీసులో నిశ్చింతగా ఉంది. చూసినవాళ్ళు మా అత్తగారికి కావాలి, మా నాన్నగారికి కావాలి అన్నారు. బావగారు ఒక శనివారమంతా యంత్రం ఆపలేదు. మేము కొంచెం గర్వపడ్డామని ఒప్పుకుంటున్నాం.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. సొంతవాళ్ళకు మేమే మందు రాయడం మంచి పద్ధతి కాదు కనుక అమ్మను వేరే డాక్టరు చూస్తున్నారు. ఆమె వేసుకునేది ఆమ్లోడిపిన్, 5 మిల్లీగ్రాములది. ఒకటి చాలక రెండు వేసుకోమన్నారు. ఆ సీసా అయిపోగానే రెండు మాత్రల బదులు 10 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి రాశారు. రోజుకి ఒకటే. మందు మోతాదు మారలేదు, మాత్రల లెక్క మారింది. కొత్త సీసా వచ్చిన రోజు మేమిద్దరం డ్యూటీల్లో ఉన్నాం. స్టిక్కరు తరువాత చేద్దామనుకున్నాం.

నాలుగైదు రోజులకి అమ్మ చెప్పులు బిగుతయ్యాయంది. చీలమండలు ఉబ్బి ఉన్నాయి. రోజంతా కుర్చీలో కూర్చుంటోంది కదా అని మేము, ఉప్పు ఎక్కువైందేమో అని మా శ్రీమతి. ఆరో రోజు పొద్దున మంచం మీద నుంచి లేచి రెండడుగులు వేసి గోడ పట్టుకుని నిలబడిపోయింది. బీపీ చూస్తే 92కి 56.

డాక్టర్లమై ఉండి ఏ జబ్బు మొదలైందోనని కంగారు పడుతుంటే, మా శ్రీమతి అలమర తెరిచింది. కొత్త సీసా ఖాళీగా ఉంది. మాత్రలన్నీ మా స్టిక్కరున్న పాత సీసాలో ఉన్నాయి. బల్ల మీద పోసి లెక్కపెట్టింది. 30 మాత్రల్లో ఆ పొద్దుటిదాకా 6 అయిపోవాలి, 24 మిగలాలి. 18 ఉన్నాయి. రోజుకి రెండు చొప్పున 20 మిల్లీగ్రాములు. ఆ మందుకి పెద్దవాళ్ళకిచ్చే గరిష్ఠ మోతాదు రోజుకి 10.

అమ్మని అడిగితే తెల్లబోయింది. "కొత్త దాని మీద తెలుగు లేదు కదరా. నువ్వు రాసిన సీసాలో పోసుకున్నాను. నువ్వు రాసినట్టే వేసుకున్నాను" అంది.

ఆ మాటకి మా దగ్గర జవాబు లేదు. మందుల దుకాణం వాళ్ళు తప్పు చేయలేదు, డాక్టరు తప్పు చేయలేదు, అమ్మ అసలే చేయలేదు. మా స్టిక్కరు చెప్పినదాన్ని తు.చ. తప్పకుండా పాటించింది. ఆ సీసాలో ఆమెను నమ్మించే అక్షరాలు మావొక్కటే, అవి అబద్ధమై ఆరు రోజులైంది.

డాక్టరుతో మాట్లాడి, ఆయన చెప్పినట్టు మాత్ర ఆపి, గంట గంటకీ బీపీ చూస్తూ ఆ పగలూ రాత్రీ కూర్చున్నాం. ఆమ్లోడిపిన్ ఒంట్లో నుంచి తొందరగా పోయే మందు కాదు. సగానికి తగ్గడానికే 30 నుంచి 50 గంటలు పడుతుంది. కళ్ళు తిరగడం రెండు రోజులకి పోయింది, వాపు పూర్తిగా తీయడానికి పది రోజులు పట్టింది. గండం గడిచింది. గుండె వేగాన్ని తగ్గించే మందో, రక్తం పలచబరిచే మందో, చక్కెర మందో అయి ఉంటే ఈ కథ ఇలా నవ్వుతూ రాసేవాళ్ళం కాదు. ఇలాంటిది జరిగితే ఇంట్లో డాక్టరున్నా లేకపోయినా, ఈ దేశంలో ఎక్కడినుంచైనా 1-800-222-1222కి ఫోను చేయవచ్చు. విషాల సమాచార కేంద్రం అది, పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బు పుచ్చుకోరు. మనిషి పడిపోయినా, ఊపిరి ఆడకపోయినా మాత్రం ముందు 911.

ఆ ఆదివారం బావగారూ, మేమూ, అమ్మా గరాజులో కూర్చుని మళ్ళీ మొదటి నుంచీ ఆలోచించాం. గోరు దిగని జిగురు వల్ల వచ్చింది కదా, తేలిగ్గా ఊడి వచ్చే రకం వినైల్ వాడదామన్నారు బావగారు. మాకూ సబబే అనిపించింది. అమ్మ ఒప్పుకోలేదు. "రాత్రి అద్దానికి అంటించిన బొట్టు పొద్దున నుదుటికొస్తుంది. అలాగే ఇది కూడా ఒక సీసా మీద నుంచి ఇంకో సీసా మీదికి వెళ్తుంది" అంది. ఆమె మాటే నిజం. ఊడి రావడం కాదు, మళ్ళీ అంటుకోకుండా ఉండడం కావాలి.

చివరికి కుదిరింది వినైలే కాదు. ఈ యంత్రానికి పనికొచ్చే పూత ఉన్న కాగితం రకం స్టిక్కర్లు. పైపొర లేదు. లేపబోతే చిరిగిపోతాయి. నెల రోజులకి చేతి తడి తగిలి మాసిపోతాయి. బావగారికి ఇంత నాసిరకం సరుకు తన దుకాణం నుంచి వెళ్ళడం చిన్నతనంగా ఉంది. కానీ కారు అద్దం మీది స్టిక్కరు పదేళ్ళుండాలి, మందు సీసా మీదిది ఆ సీసా ఉన్నన్నాళ్ళే ఉండాలి. సీసాతో పాటు చెత్తబుట్టలోకి పోవడమే దాని మంచితనం.

మందులకు స్టిక్కర్లు చేసుకోవాలనుకునే వారికి మేము నేర్చుకున్నది ఇది:

1. మందు పేరు, ఒక్కో మాత్ర ఎన్ని మిల్లీగ్రాములో, దేనికోసమో, ఎప్పుడు ఎన్నో, ఆ సీసా తెచ్చిన తేదీ, ఇవన్నీ ఉండాలి. మిల్లీగ్రాముల వరస ఉండి ఉంటే మేము ఈ వ్యాసంలో సగం రాయనక్కరలేకపోయేది. కింద ఒక వరస: ఈ సీసాకి మాత్రమే.

2. దుకాణం వాళ్ళ చీటీ మీద అంటించకూడదు. కంగారులో అంబులెన్సు వాళ్ళు చదివేది అదే. ఖాళీ చోట అంటించాలి. చోటు చాలకపోతే మన స్టిక్కరునే చిన్నది చేయాలి, అక్షరాలను కాదు, మాటలను తగ్గించి.

3. మూత మీద ఎప్పుడూ అంటించకూడదు. మూతలన్నీ ఒకే కొలత, ఒక పూటలో తారుమారవుతాయి.

4. ఒక సీసాలోవి మరో సీసాలో పోయకూడదు. ఖాళీ సీసాను ఆ రోజే పారేయాలి. పోపు గింజలకి దాచుకోవడం మన అలవాటు, మందు సీసాల విషయంలో మానుకోవాలి.

5. కొత్త సీసా ఇంటికి వచ్చిన పూటే కొత్త స్టిక్కరు. అచ్చు వేసే తీరిక లేకపోతే తెల్ల కాగితం మీద లావు కలంతో రాసి టేపు వేయండి. అందమైన పాత స్టిక్కరు కంటే వంకర రాత మేలు.

6. అంటించాక పెద్దవాళ్ళ చేతికిచ్చి, ఏముందో వాళ్ళనే చదివి చెప్పమనండి. అర్థమైందా అని అడిగితే అందరూ అయిందనే అంటారు. మా చందమామ సంగతి అడిగి ఉంటే మొదటి రోజే తెలిసేది.

7. అనువాదం ఊహించి చేయకండి. అనుమానం ఉంటే మందుల దుకాణంలోనే అడగండి. చాలాచోట్ల ఫోను మీద తెలుగు దుబాసీని కూడా ఇప్పించమని కోరవచ్చు.

ఇంతకు ముందు మా చేత గట్టి జిగురు స్టిక్కర్లు చేయించుకున్న పదకొండు ఇళ్ళకీ మేమే ఫోను చేశాం. రెండు ఇళ్ళల్లో పాత సీసాలో కొత్త మాత్రలు ఉన్నాయి. అదృష్టవశాత్తూ ఆ రెండు చోట్లా మోతాదు మారలేదు. ఈ సంచిక చదివే వారిలో ఎవరి దగ్గరైనా ఆ స్టిక్కర్లు ఇంకా ఉంటే దయచేసి ఇవాళే సీసాతో సహా తీసేయండి. నీళ్ళ సీసా మీది మామిడాకులు ఉంచుకోవచ్చు, వాటికి మోతాదు లేదు.

వచ్చే నెల రెండో శనివారం పొద్దున పది గంటల నుంచి బావగారి గరాజు తెరిచి ఉంటుంది. మందుల సీసాలు, డాక్టరు ఇచ్చిన జాబితా రెండూ తెచ్చుకోండి. వాడుకునే పెద్దవాళ్ళనే వెంటబెట్టుకు రండి, వాళ్ళ తరఫున మనం చదవడం కుదరదు. ప్రతి స్టిక్కరునూ ఇద్దరం విడివిడిగా సరిచూశాకే అచ్చుకి పంపుతాం. కలుపు తీయడానికి మా అమ్మ ఉంటుంది. ఆమె తన బీపీ సీసా మీది స్టిక్కరు ఇప్పుడు తానే చూసుకుంటోంది. నిన్న దాని మీద తేదీ చూసి, "ఇది రేపటితో సరి, కొత్తది చేయించు" అని మాకే గుర్తు చేసింది.

వచ్చే సంచికలో ఇండియా ప్రయాణానికి మందులు సర్దుకోవడం గురించి. అంతవరకూ సెలవు.